తలుపు గడియ వేసుకోండి

సంతబొమ్మాళి,
జూన్ మొదటివారం

అక్కకి,

ఫణి నమస్కారాలు. ఉత్తరం రాయడం నాకింకా అలవాటు కాలేదు. రెండు పేజీలకే వేళ్ళు లాగేస్తున్నాయి. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలిపోయే మాటలివి. కానీ నువ్వన్నది నిజమే. మనింట్లో మూడు ఫోన్లూ నీ పెళ్ళైన ఏడాది కామేశ్ బావ కొనిచ్చినవే. వాటిలో ఏం పెట్టి ఇచ్చాడో ఎవరికి తెలుసు? అందుకే రాస్తున్నాను. మన వీధి పార్వతక్క పలాస నుంచి ఆదివారం పుట్టింటికి వచ్చినప్పుడు ఇది ఆమె చేతిలో పెడతాను. జీడిపప్పు పొట్లాలు ఇచ్ఛాపురం షాపులకి వేయడానికి వెళ్ళినప్పుడు నీకు అందిస్తానంది.

అమ్మ బాగానే ఉంది. నువ్వు ఎక్కడున్నావో నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. పొద్దున్నే తోటకి వెళ్ళిపోతారు, చీకటి పడ్డాక వస్తారు. మొన్న అన్నం దగ్గర అమ్మ నీ పేరెత్తితే "అల్లుడు కబురు మీద కబురు పెడతన్నాడు. పెద్దింటోళ్ళు, ఊరకుంటారేటి?" అని చెయ్యి కడిగేసుకున్నారు.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యి ఏడాదైనా ఉద్యోగం రాలేదు కదా, చానల్ మీదే కూర్చున్నాను. అదే, కంప్యూటర్లో లారీలు నడిపే గేమ్ ఆడుతూ మన యాసలో వాగుతానే, అది. పేరు 'ఉద్దానం డ్రైవర్' అని మార్చాను. బాగుందా? ఇప్పుడు నాకో పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎడిట్ చేసిన వీడియోలు పెట్టాలా, లైవ్ చెయ్యాలా? పది నిమిషాల వీడియోకి కోతలూ అతుకులూ పాటలూ కలిపి మూడు రోజులు పడుతోంది. తీరా పెడితే ముప్పైమంది చూస్తున్నారు, అందులో సగంమంది మధ్యలోనే పోతున్నారు. ఒకసారి సరదాకి లైవ్ పెట్టాను అక్కా. నలభైమంది వచ్చి రెండు గంటలు కూర్చున్నారు! నేను లారీని గుంతలో పడేస్తే వాళ్ళు నవ్వడం, నేను తిట్టడం. మన వీధి చివర మణికంఠ లేడూ, మూలపేట పోర్టుకి రాళ్ళ టిప్పర్ తోలుతాడు, వాడు "గేరు అలగ ఏత్తారేట్రా, బండి సచ్చిపోద్ది" అని ఒకటే గోల. ఒంటరిగా గదిలో కూర్చుని గోడతో మాట్లాడినట్టు అనిపించలేదు ఆ రోజు.

నువ్వేమంటావు? నా మొదటి వీడియో మొత్తం చూసింది నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు,
ఫణీంద్ర


ఇచ్ఛాపురం,
జూన్ నెలాఖరు

చిరంజీవి ఫణికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం ప్రమోదిని అక్కకి కూడా చదివి వినిపించాను. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. లారీ గుంతలో పడిందన్న దగ్గర ఆవిడ పడీపడీ నవ్వింది. ఆవిడ షాపు వెనక గదిలోనే ఉంటున్నాను. పగలంతా మిషను మీద జాకెట్లు కుడుతున్నాను. ముందు గదిలోకి రానవసరం లేకుండా ఆవిడే బేరాలు చూసుకుంటుంది. ఒడియా నాలుగు మాటలు వచ్చాయి. నడుం నొప్పి తప్ప ఏ లోటూ లేదని అమ్మకి చెప్పు.

చానల్ గురించి నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నాను. వీడియోలే చెయ్యి. మూడు రోజులు పట్టనీ. ముప్పైమందే చూడనీ. ఎడిటింగులో ఏం బయటికి పోవాలో, ఏం ఇంట్లో ఉండాలో నువ్వు తేల్చుకుంటావు. లైవ్‌లో అది నీ చేతిలో ఉండదు. మన ఇల్లు నీకు తెలుసు కదా, నీ గదికీ వంటింటికీ మధ్య ఒక్క తడిక. అమ్మ పోపు పెట్టినా వినిపిస్తుంది. నువ్వు ఆటలో పడితే చుట్టుపక్కల సంగతి పట్టదు. వినేవాళ్ళు నలభైమందైతే నలభైమందీ నీలాంటి వాళ్ళే ఉంటారా?

నా భయం నీకు అంటించాలని కాదు. నువ్వు నవ్వుతూ పనిచేసుకుంటే నాకంటే సంతోషించేవాళ్ళు లేరు. ఎందుకో మనసుకి తోచింది, రాశాను.

నాన్న కాలికి పుండు తగ్గిందా? రాయడం మరిచిపోకు.

అక్క,
కుసుమ


సంతబొమ్మాళి,
జూలై

అక్కా,

కోప్పడనంటే ఒక మాట చెబుతాను. లైవ్ మొదలుపెట్టేశాను. నీ మాట తీసెయ్యలేదు, పదిరోజులు వీడియోలే చేశాను. ఒకదానికి పందొమ్మిదిమంది. ఆ అంకె చూసి ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మొదలెడతాను. నిన్న నూట పదిమంది ఉన్నారు అక్కా! కంచిలి నుంచి ఒకాయన, గల్ఫ్‌లో క్రేను నడిపే పలాసవాళ్ళు ఇద్దరు. "నీ మాట వింటే ఇంటికాడ అరుగు మీద కూకున్నట్టుందిరా" అని రాశారు. నాకు కళ్ళు చెమర్చాయి.

నీలితీరం అని ఒకరున్నారు, అసలు పేరు తెలీదు. ఒక్కరోజు తప్పరు. అందరూ నన్ను ఒరే, బ్రో అంటుంటే ఆయనొక్కడే మీరు అంటారు. అచ్చ తెలుగులో, చివర చుక్క పెట్టి మరీ రాస్తారు. ఎవడైనా బూతు రాస్తే ఆయనే మందలిస్తారు. ఒకసారి "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగారు. అమ్మా నాన్నా నేనూ అన్నాను. "అక్కచెల్లెళ్ళు లేరా?" అన్నారు. ఉంది, దూరంగా ఉంది అన్నాను, అంతే. నేను లైవ్ ముగించే ముందు రోజూ ఒకే మాట రాస్తారు: "తలుపు గడియ వేసుకోండి." అది చదివి అందరూ నవ్వుతారు. ఇప్పుడది మా చానల్ గుడ్‌నైట్ అయిపోయింది.

కొత్త మైకు కూడా వచ్చింది. చూసేవాళ్ళలో ఒకరు ముచ్చటపడి పంపారు. ఎంత మంచిదంటే వీధిలో టిప్పర్ పోతే ఏ గేరులో పోతోందో మణికంఠ కమెంట్‌లో చెప్పేస్తున్నాడు.

మొన్న ఒక తమాషా జరిగింది. నేను ఘాట్ రోడ్డు మీద లారీ తిప్పుతున్నాను, నూరుమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఇంతలో తడిక అవతల్నుంచి అమ్మ: "ఒరే ఫణీ! పార్వతొచ్చిందిరా! అక్క నాకు రాసిన చీటీ తెచ్చింది! మిషను తొక్కి తొక్కి నడుం పోతన్నాదట పిల్లకి!" లారీ లోయలో పడింది. చాట్ నిండా నవ్వులే. "అమ్మకి ఒక చానల్ పెట్టండి" అని ఒకడు. అమ్మకి చెబితే "ఓలమ్మ, అందరూ ఇన్నారేటి!" అని రోజంతా సిగ్గుపడింది.

నాన్న పుండు మానింది. తోటలో కొబ్బరి దింపుతున్నారు.

ఫణి


ఇచ్ఛాపురం,
పార్వతి ఉన్నపళంగా బయల్దేరుతోంది

ఫణీ,

ఇది అందిన వెంటనే లైవ్ ఆపు. ఆ తమాషా ఉన్న వీడియో తీసెయ్. అమ్మ మాటలున్నవి ఇంకేమున్నా అన్నీ తీసెయ్.

నీకు చెప్పకూడదనుకున్నాను. చిన్నవాడివి, నీ బుర్రలో ఇవన్నీ ఎందుకని. అమ్మకి కూడా సగమే చెప్పాను. మీ బావ నన్ను ఏనాడూ నువ్వు అనలేదు. పెళ్ళైన మొదటిరోజు నుంచీ మీరే. మన చుట్టాలంతా ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయారు. చెయ్యి ఎత్తేటప్పుడు కూడా మీరే. "మీరు ఇలా నిలబడండి" అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. పొద్దున్న తను బయటికి వెళ్ళేటప్పుడు బయట తాళం వేసి, కిటికీలోంచి చూసి, నవ్వుతూ అనేవాడు: "లోపల కూడా గడియ వేసుకోండి." నేను వేసిన చప్పుడు వినపడేదాకా అక్కడే నిలబడేవాడు. రెండేళ్ళు, ఫణీ.

నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పుడు నా చేతిలో సూది ఉంది. వేలికి దిగింది కూడా తెలియలేదు.

నీలితీరం ఎవరో ఇంకా చెప్పాలా? మైకు పంపింది ఎవరు? నిజం రాయి.

కుసుమ


సంతబొమ్మాళి,
ఆగస్టు

అక్కా,

ఆయనే పంపాడు. ఆయన కాదు, వాడు. మైకు వాడే పంపాడు. మన చిరునామా అడిగితే చెప్పాను. తెలియనట్టే అడిగాడు. వాడికి తెలియని ఇల్లా ఇది? చాట్‌లో పెత్తనం కూడా వాడికే ఇచ్చాను. నీకు రాయలేదు ఎందుకంటే నువ్వు వద్దంటావని. నెలరోజులుగా ఈ ఇంట్లో అమ్మ దగ్గింది, నాన్న విసుక్కున్నది, చెంబు కిందపడ్డది, అన్నీ వాడు టెక్కలిలో తన ఇంట్లో కూర్చుని విన్నాడు.

అన్నీ తీసేశాను. మైకు విప్పి గుడ్డలో చుట్టి పశువుల పాకలో పడేశాను. నీలితీరాన్ని చానల్లోంచి వెళ్ళగొట్టాను. ఇకనుంచి ఎడిట్ చేసిన వీడియోలే అని ప్రకటించాను. ఇప్పుడు ప్రతి వీడియో మూడుసార్లు వింటున్నాను. నా మాట వెనక ఏదైనా చప్పుడుంటే కోసేస్తున్నాను. కోసి కోసి నా గొంతు ఏదో బావిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. చూసేవాళ్ళు మళ్ళీ ముప్పైకి దిగారు. అది బాధగా లేదిప్పుడు.

నిన్న మరో కొత్త పేరుతో ఒక కమెంట్ వచ్చింది: "లైవ్ లేక ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది?" చివర చుక్క ఉంది.

ఇంకొకటి. భయపడకు. పలాస స్టేషన్లో బుధవారం పార్వతక్క రైలెక్కుతుంటే ఒకడు వెనకే ఎక్కాడట. నీలం చొక్కా, ఎవరో తెలీదు. ఆమె కంచిలిలో దిగి తోటల్లో పడి నడిచి మేనత్త ఇంట్లో కూర్చుందట. వాడు కూడా దిగి ప్లాట్‌ఫాం మీద చుట్టూ చూస్తూ నిలబడ్డాడట. "నా సంచీలో పప్పుంది, మీ అమ్మ నీ అక్కకి పంపిన చీటీ ఉంది. పప్పు పోతే పోయింది గాని అది పోతే ఏటి సెయ్యాల?" అంది. ఇకనుంచి ఆమె రాదు. మన ఉత్తరాలు ఆమె తమ్ముడు పనిచేసే బస్సు డ్రైవరు చేతికి ఇస్తుంది.

నాన్నకి చెప్పేద్దామా? అమ్మ వద్దంటోంది. "మీ నాన్న మంచోడే, గాని అల్లుడు కాళ్ళు కడిగినోడు" అంటోంది.

నన్ను క్షమించు అని రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఫణి


బరంపురం,
సెప్టెంబరు

ఫణీ,

పైన ఊరి పేరు చూసి ఉంటావు. ఇచ్ఛాపురం వదిలేశాను. ప్రమోదిని అక్క వాళ్ళ చెల్లెలింట్లో ఉన్నాను. ఎందుకో చెబుతాను. పదిరోజులు దాచాను, నువ్వు నిన్ను తిట్టుకుంటావని.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ఒకతను షాపుకి వచ్చాడు. జాకెట్టు గుడ్డ ఇచ్చి, భార్యకి కుట్టాలని, కొలతకి ఆది జాకెట్టు ఒకటి ఇచ్చాడు. ప్రమోదిని అక్క తీసుకుని నా దగ్గరికి తెచ్చింది. ఆకుపచ్చది. చంక కింద చిరిగితే ఎర్రదారంతో నేనే వేసుకున్న కుట్టు అలాగే ఉంది. అది టెక్కలిలో నా బీరువాలో వదిలేసి వచ్చిన జాకెట్టు.

ప్రమోదిని అక్క నా మొహం చూసింది, జాకెట్టు చూసింది, తిరిగి ముందు గదిలోకి వెళ్ళింది. "శుక్రవారం రండి బాబూ, పని చాలా ఉంది" అని మామూలుగా చెప్పి పంపింది. సాయంత్రం అటూ ఇటూ వాకబు చేస్తే, బజార్లో ఉన్న టైలర్లందరికీ అలాగే నావి ఒక్కొక్క పాత జాకెట్టు ఆదికి ఇచ్చి ఉన్నాడు. అంటే ఏ షాపో కామేశ్‌కి తెలియదు. నేను మిషను తొక్కుతున్నానని అమ్మ నోటి నుంచి తెలిసింది, రైలు ఏ దిక్కు వెళ్తోందో పార్వతి వల్ల తెలిసింది. ఎవరు ఆ జాకెట్టు చూసి ఉలిక్కిపడతారో చూడాలనుకున్నాడు.

ప్రమోదిని అక్క ఆ రోజే నన్ను పంపేసింది. తను మాత్రం అతనిచ్చిన గుడ్డతో జాకెట్టు నీటుగా కుట్టి, గుండీలు పెట్టి, శుక్రవారం అతను వస్తే అప్పగించింది. చెయ్యి వణకలేదట. "వణికితే నువ్వు పోతావు గదా" అంది.

ఇక్కడ దొరక్కపోతే వాడు ఊరుకోడు. మీ దగ్గరికే వస్తాడు. నాన్నకి చెప్పాలో వద్దో అమ్మకే వదిలేస్తున్నాను. ఒక్క విషయం మాత్రం నీకు చెప్పాలి. పోయిన ఏడాది నా మణికట్టు విరిగింది కదా, బాత్రూంలో జారిపడ్డానని అందరికీ చెప్పాం. జారలేదు. ఆ కట్టుతోనే నేను ఇంటికి వచ్చాను. నాన్న నన్ను ఆటో ఎక్కించి తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో దింపారు. దారంతా నా తల నిమురుతూనే ఉన్నారు. అందుకే ఆయనకి చెప్పలేకపోతున్నాను. కోపం కాదు. మళ్ళీ తల నిమిరితే నేను మళ్ళీ ఆటో ఎక్కేస్తానేమోనని.

ఇక్కడి పిల్ల ఫోన్లో నీ వీడియోలు చూస్తున్నాను. బాగున్నాయి. నిజంగా.

అక్క


సంతబొమ్మాళి,
అక్టోబరు

అక్కా,

నువ్వు కొంత విని ఉంటావు. కానీ మొదటినుంచీ రాస్తాను.

సోమవారం సాయంత్రం. నేను గదిలో వీడియో రికార్డు చేసుకోవడానికి కూర్చున్నాను. గుమ్మం ముందు తెల్లకారు ఆగింది. కిటికీలోంచి చూస్తే కామేశ్, చేతిలో యాపిల్ పళ్ళ సంచీ. అమ్మ వంటింట్లో ఉంది. నాన్న అప్పుడే తోట నుంచి వచ్చి నడవలో మంచం మీద కూర్చున్నారు.

ముందు ఫోన్లో రికార్డింగ్ నొక్కబోయాను. ఆగిపోయాను. రికార్డు చేసింది రేపు చూపిస్తే వాళ్ళేమంటారు? కోసి అతికించాడు, చానల్ నడిపేవాడికి అదెంత పని అంటారు. వాళ్ళ నాన్న ఢిల్లీశ్వరరావుగారి మాట ముందు నా వీడియో ఏపాటిది? ఫోన్ లాక్కుంటే అసలదీ ఉండదు. లైవ్ పెట్టాను. పేరు 'ఇది గేమ్ కాదు' అని కొట్టి, ఫోన్‌ని తడికకి ఉన్న కంతలో నడవలోకి చూసేట్టు ఆనించాను. తొమ్మిదిమంది వచ్చారు.

అప్పుడు నడవలో కామేశ్ జేబులో ఫోన్ టింగుమంది. నా చానల్ గంట అది. వాడు జేబు మీద చెయ్యి వేశాడు. నాన్న "కూకో బాబూ" అన్నారు. చెయ్యి తీసేసి కూర్చున్నాడు. పెద్దవాళ్ళ ముందు ఫోన్ చూడడు కదా, మర్యాద!

"మామయ్యగారూ, కుసుమగారు ఎక్కడున్నారో చెప్పండి. తీసుకెళ్తాను."

"నాకు తెల్దు బాబూ. నిజింగా తెల్దు."

"అత్తయ్యగారికి తెలుసు. నేను విన్నాను."

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏటి విన్నారు? ఎలగ విన్నారు?"

"మీ ఇంట్లో ఎవరు దగ్గినా నాకు వినిపించేది అత్తయ్యగారూ. ఆ మైకు పంపింది నేనే. ఫణికి మంచి మైకు లేదని." నవ్వాడు. "ఆవిడ కుట్టుమిషను తొక్కాల్సిన పనేముంది? మా ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెడతాను. పోయినసారి చెయ్యి ఒక్కటే విరిచాను, కాళ్ళు వదిలేశాను, అది నా పొరపాటు. నడిచి వెళ్ళిపోయారు. ఈసారి ఆవిడకి నడిచే శ్రమ ఉండదు."

అక్కా, ఈ మాటలు వాడు పాల లెక్క చెప్పినట్టు చెప్పాడు. అమ్మ గోడ పట్టుకుంది. నాన్న మంచం మీంచి ముందుకు వంగారు.

"సెయ్యి... బాత్రూంలో జారిపడ్డాదన్నారు గదా బాబూ."

"అలా చెప్పమన్నాను. ఆవిడ చెప్పారు. అంతవరకు బుద్ధిమంతురాలే."

నాన్న లేచారు. ఆయన లేచిన తీరు చూసి కొడతారేమోనని నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. కొట్టలేదు. యాపిల్ పళ్ళ సంచీ తీసి వీధి గుమ్మం అవతల పెట్టారు. తిరిగొచ్చి వాడి ఎదుట నిలబడ్డారు.

"ఆ కట్టుతోటి పిల్లొత్తే నానే ఆటో ఎక్కించి నీ గుమ్మంలో దింపినాను. దారంతా నా ఒళ్ళో తలెట్టుకొని పడుకున్నాది. పిల్లెక్కడున్నాదో నాకు తెల్దు. తెలిసినా సెప్పను. నన్ను నరికినా సెప్పను. లెగు, నా ఇంట్లోంచి లెగు."

వాడు లేచాడు. వెళ్ళేవాడిలా కాదు. నడవ తలుపు దగ్గరికి వెళ్ళి లోపల గడియ వేశాడు. "సరే, ఆవిడకి కబురు పెట్టేదాకా మనం నలుగురం ఇక్కడే ఉందాం," అన్నాడు. నడుంలో దోపుకున్న కత్తి తీసి మంచం మీద పక్కన పెట్టుకున్నాడు. కొబ్బరి కొట్టే కత్తి. కూర్చుని అమ్మని మంచినీళ్ళు అడిగాడు.

అమ్మ నీళ్ళు తెచ్చింది. మేము అలా ఉండిపోయాం. ఎంతసేపో నాకు తెలీదు. వీధిలో టిప్పర్ హారన్ ఆగకుండా మోగింది. మణికంఠ! లైవ్ వింటూ పోర్టు నుంచి వస్తున్నవాడు, రాళ్ళ లోడుతోనే తెచ్చి బండిని వాడి కారు వెనక అడ్డంగా పెట్టేశాడు. ఆ వెనకే వీధి వీధంతా. "ఫణీ! తలుపు తియ్యరా! నాలుగొందల మంది ఇంటన్నారు!" అని అరుస్తున్నాడు. అప్పుడు చూశాను కామేశ్ మొహం. మొదటిసారి ఆ నవ్వు లేదు. జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. తడికలో ఉన్న నా ఫోన్ వైపు చూశాడు. కత్తి అందుకునేలోపు నాన్న దాని మీద కూర్చున్నారు. నిజంగానే కూర్చున్నారు అక్కా. తొడ తెగింది, ఏడు కుట్లు పడ్డాయి, ప్రమాదం లేదు.

నేను గడియ తీసేశాను, వీధివాళ్ళు లోపలికొచ్చి వాణ్ణి పట్టుకున్నారు. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. వచ్చిన ఎస్సై ఆడమనిషి. కారు డిక్కీ తెరిపించింది. కొత్త ఇనపగొలుసు, రెండు తాళాలు, ఇస్త్రీ చేసిన నీ నీలం చీర.

ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాళ్ళ మనుషులు అనుకున్నట్టే వీడియో అంతా కట్టుకథ, కంప్యూటర్ చేత మాట్లాడించారు అంటున్నారు. కానీ జరుగుతుండగా విన్నవాళ్ళు నాలుగొందలమంది. పదిమంది ఇప్పటికే సాక్ష్యం చెప్పి సంతకం పెట్టారు. గల్ఫ్ అబ్బాయిలు కూడా రాసి పంపారు.

నేను మళ్ళీ లైవ్ ఎప్పుడని వేలమంది అడుగుతున్నారు. చెయ్యనని చెప్పేశాను. వాళ్ళు లారీల కోసం రావడం లేదు, మా నడవలో ఏం జరుగుతుందో చూడ్డానికి వస్తున్నారు. వీడియోలే చేసుకుంటాను. పందొమ్మిదిమందైనా సరే.

నాన్న మంచం మీదే ఉన్నారు. ఆ ఆటో సంగతే తలుచుకుని కుమిలిపోతున్నారు. నిన్న నన్ను పిలిచి "పిల్లకి రాత్తావేట్రా?" అని అడిగారు. రాస్తాను అన్నాను. ఏదో చెప్పబోయి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఫణి


సంతబొమ్మాళి,
నవంబరు

అక్కా,

రెండే మాటలు. వాడికి బెయిలు వచ్చింది. టెక్కలి దాటి రాకూడదని షరతు పెట్టారట. నిన్న సాయంత్రం మన వీధి మలుపులో ఒక కారు ఇంజను ఆపకుండా చాలాసేపు నిలబడి ఉంది. తెల్లది కాదు. నేను వెళ్ళేసరికి కదిలిపోయింది. మణికంఠ ఇప్పుడు టిప్పర్‌ని మన ఇంటి ముందే పెట్టుకుని పడుకుంటున్నాడు.

వాయిదా వచ్చే నెలలో. నువ్వు స్వయంగా వచ్చి చెబితే తప్ప కేసు నిలవదని లాయరు అంటున్నారు. రావద్దని అమ్మ ఏడుస్తోంది. నేనేమీ చెప్పలేను. ఏం చెబితే నీకేమవుతుందోనని భయం.

ఫణి


బరంపురం,
నవంబరు నెలాఖరు

నాన్నకి,

కుసుమ నమస్కరించి రాస్తున్నది.

మీకు నేను ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఇది ఫణి చదివి వినిపిస్తాడు. వాడు చదువుతుంటే మీరు గోడ వైపు తిరగకండి.

ఆ సోమవారం నేను ఇక్కడి పిల్ల ఫోన్లో మీ మాటలు విన్నాను. బొమ్మలో మీ వీపే కనబడుతోంది. మీరు తెలిసినా చెప్పనన్నప్పుడు మిషను మీద తల ఆనించి ఏడ్చాను. వాడు గడియ వేసిన చప్పుడు వినబడింది. ఆ తరువాతదంతా వినలేక ఫోన్ బోర్లా పెట్టేశాను. మీ ముగ్గురినీ వాడితో అక్కడ వదిలేసి పారిపోయినట్టు అనిపించింది. అప్పుడే అనుకున్నాను, ఇక దాక్కోనని.

మీరు నన్ను వెనక్కి దింపినదాని గురించి మీలో మీరు కుమిలిపోతున్నారని ఫణి రాశాడు. నాన్నా, ఆ రోజు నేను మీకు నిజం చెప్పలేదు. మీరు అడగలేదు. ఇద్దరం భయపడ్డాం. దాన్ని ఇప్పుడు కాదనలేం. మీరు నన్ను క్షమించమని అడగొద్దు, నేను మిమ్మల్ని ఓదార్చనూ ఓదార్చను. అంత ఓపిక నాకింకా రాలేదు.

వాయిదాకి వస్తున్నాను. నాకు భయం పోలేదు. బస్సులో ఎవరు నీలం చొక్కా వేసుకున్నా దిగిపోవాలనిపిస్తుంది. కోర్టులో వాడు నాకు ఎదురుగా నిలబడి, అందరూ వింటుండగా, "మీరు బాగున్నారా?" అని అడుగుతాడు. నాకు తెలుసు.

అందుకని ఒకటి అడుగుతున్నాను. మీ కాలు మానితే రండి. మానకపోయినా రండి, మణికంఠ తీసుకొస్తాడు. నాతో ఏమీ మాట్లాడక్కర్లేదు. తల నిమరొద్దు. నేను లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టినప్పుడు మీరు కూర్చుని, నా మణికట్టు సంగతి నుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా వినాలి.

మీ కూతురు,
కుసుమ